పువ్వు విచ్చేదాకా పందిరి నాది

మా ఇంట్లో నాకు కూర్చునే చోటు లేదంటే మీరు నవ్వుతారు. నవ్వండి. చింతామణిలో నాలుగు గదుల సొంత ఇల్లు, ముందు జగిలి అనే అరుగు, వెనక పెరడు. కూతురు వర్ష పెళ్ళయి మైసూరుకు వెళ్ళిపోయాక ఉండేది ఇద్దరమే. అయినా చోటు లేదు. హాల్లో కూర్చుంటే మా ఆవిడ కన్యకమ్మ సీరియలు. వంటింట్లో కూర్చుంటే అనపకాయలు ఒలిచే పని. పడగ్గదిలో కూర్చుంటే ఒంట్లో బాగాలేదేమోనని మిరియాల కషాయం. అందుకే రోజూ అంగడి మూసి వచ్చాక, వీధి జగిలి మీద ఇద్దరు స్నేహితులతో డబ్బు లేని పేకాట ఆడుకుంటూ బతుకుతుండేవాణ్ణి.

ఆ ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు సలహాల శ్రీనివాసమూర్తి. హైస్కూల్లో ముఖ్యోపాధ్యాయుడిగా రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఊరందరినీ ఎనిమిదో తరగతి కింద జమకట్టుకున్నాడు. రెండోవాడు నంజప్ప. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్లో ముప్పై ఏళ్ళు వేలం పాడిన గొంతు. వాడు కాఫీ బాగుందన్నా మూడో వీధిలో ఎవరో ఒకరు పాట పెంచుతారు.

ఒక సాయంత్రం పక్కింటి పుట్టమ్మ తన మనవణ్ణి ఉయ్యాల్లో వేసి, అరగంట జోకొట్టి, ఎట్లాగో నిద్రపుచ్చింది. సరిగ్గా అప్పుడే నంజప్ప ఆట గెలిచి నవ్వాడు. పుట్టమ్మ వచ్చింది. ఏడుస్తున్న పిల్లవాణ్ణి తెచ్చి కన్యక చేతిలో పెట్టి, ఇక నిద్రపుచ్చేది మీ పనే అన్నట్టు వెళ్ళిపోయింది. ఆ పొద్దుతో జగిలి మాకు బందయింది.

ఇక మిగిలింది పెరడు. అక్కడ మా నాయన ద్రాక్షతీగ కోసం వేయించిన పందిరి ఉంది. స్తంభాల్లా నిలబెట్టిన రాతి కూసాలు, పైన ఇనుప తీగలు, కింద ఎదురెదురుగా రెండు రాతి బెంచీలు. ద్రాక్ష ఎప్పుడో ఎండిపోయింది, పందిరి మాత్రం చెక్కుచెదరలేదు. చిక్కల్లా చీకటితోనే. నేను అంగడి మూసేది ఏడింటికి. ఆ వేళకు అక్కడ ఎదుటివాడి ముక్కలు కాదు కదా, ఎదుటివాడే కనబడడు. మొదటి రోజు శ్రీనివాసమూర్తి పది నిముషాల పాటు ఒక కూసానికి మోకాళ్ళ నొప్పి గురించి సలహా చెప్పాడు. అది తన మాట వింటోందని చాలా సంతోషపడ్డాడు కూడా.

వినాయక చవితికి వారం ముందు బాగేపల్లికి సరుకు మాట్లాడడానికి వెళ్ళి, పొద్దు గూకాక బస్సులో వస్తున్నాను. దారి పక్కన చామంతి తోటలన్నీ బల్బులతో వెలిగిపోతున్నాయి. వరసలు వరసలుగా తీగలు, తీగ పొడుగునా బల్బులు, కింద పచ్చటి మొక్కలు. మా పక్క ఎవరికైనా కొత్త కాని దృశ్యమే. ఆ బల్బులు దొంగల భయంతో వేసుకుంటారని నా అభిప్రాయం. ఎవరినీ అడగలేదు. నేను అంగడివాణ్ణి, నాకు పువ్వు మూరల్లోనే తెలుసు. కానీ ఆ రోజు కిటికీలోంచి చూస్తుంటే, మా పందిరికి ఇట్లా వేయిస్తే ఎంత బాగుంటుందో అని ఒళ్ళు పులకరించింది.

మర్నాడే ఫ్యూజు రామాంజినప్పను పిలిపించాను. ఊళ్ళో మంచి పేరున్న ఎలక్ట్రీషియను. ఇంటిపేరు అది కాదు, వాడు వచ్చి వెళ్ళిన ఇంట్లో మొదట పోయేది అది. చామంతి తోటల్లో ఉండే బల్బులే కావాలి, అట్లాగే వరసలుగా కట్టాలి అని చెప్పాను. తోటకా అన్నా అని అడిగాడు. కాదు, కూర్చోవడానికి అన్నాను. వాడు నన్నూ పందిరినీ మార్చి మార్చి చూసి, నిచ్చెన ఎక్కాడు.

ఆ సాయంత్రం స్విచ్చి వేయగానే పెరడంతా పట్టపగలయింది. వంటింటి తలుపు తెరుచుకుని కన్యక బయటికి వచ్చింది.

"ఏమండీ, ముగ్గురు కూర్చునేకి నలభై బల్బులా?"

నేను తగ్గలేదు. వర్ష ఫోనులో పంపిన తోట దీపాల బొమ్మలన్నీ గుర్తు చేసుకుని, తోటల్లో దీపాలు పెట్టడం ఒక శాస్త్రమని, పందిరికి పైనుంచి, బెంచీకి కిందినుంచి, నడిచే దారికి పక్కనుంచి వెలుగు పడాలని వివరించాను.

"మీ తలకాయలోకి యాడనించి వేస్తారంట?" అంది కన్యక.

రామాంజినప్ప నిచ్చెన మీదే నవ్వాడు. ఒక బల్బు కింద పడింది.

అసలు గొడవ బల్బుల గురించి కాదు. మా అంగట్లో ఖాళీ అయిన నూనె డబ్బాలన్నీ కన్యక పందిరి చుట్టూ కుండీలుగా మార్చేసింది. ఎనభై డబ్బాల్లో ఎనభై చామంతి మొక్కలు. నారు తన పుట్టినూరి నుంచి తెప్పించుకుంది. వాళ్ళ మహిళా మండలి ఆడవాళ్ళంతా పువ్వులు పూసిన పందిట్లో కూర్చుని సాయంత్రాలు భజనలు నేర్చుకోవాలని ఆమె ఏర్పాటు. అందులోకి నేను బెంచీలు తుడుచుకుని దిగాను. ఇద్దరం వంటింట్లో నిలబడి గంటసేపు వాదించుకున్నాం. నేను మా నాయన పందిరి అన్నాను. ఆమె మీ నాయన ఆ పందిట్లో పేకాట ఆడినాడా అంది. చివరికి ఒప్పందం ఆమే చెప్పింది.

"పువ్వు విచ్చేదాకా పందిరి మీది. పువ్వు విచ్చిన దినం నించి మా మండలిది. ఆ పొద్దు మొదలు మీ జతగాళ్ళు ఆ పక్క కాలు పెట్టకూడదు. సరేనా?"

చామంతి కార్తీకంలో పూస్తుంది. అంటే ఇంకో రెండు నెలలే. అయినా ఏమీ లేకపోవడం కంటే నయమని సరే అన్నాను.

మొదటి వారం స్వర్గం చూశాం. ముక్కలు కనబడ్డాయి, ముఖాలు కనబడ్డాయి. నంజప్ప ఎంత అరిచినా ఆ పక్క ఖాళీ సైటు, అవతల రాగి చేను. శ్రీనివాసమూర్తి కూడా సలహా చెప్పేముందు అది మనిషో కాదో చూసుకుంటున్నాడు. ఇంత సుఖాన్ని కార్తీకంలో ఆడవాళ్ళకు అప్పజెప్పాలంటే నాకు మనసొప్పలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని చామంతి మీద పగతో పప్పు కలుపుకునేవాణ్ణి.

అట్లాంటి సమయంలో ముత్యాలప్ప అంగడికి వచ్చాడు. కన్యక పుట్టినూరి రైతు, రెండెకరాల చామంతి తోట ఉంది. బెల్లం కొంటూ, మీ పెరట్లో బల్బులు కట్టినారంట కదా అని మాట కదిపాడు. అవును, మీరు దొంగలకు కట్టినారు, మేము దొరలకు కట్టినాం అని నేను నవ్వాను.

ముత్యాలప్ప నవ్వలేదు.

"దొంగల కోసరం కాదప్పా అవి. పొద్దు చిన్నదైతేనే చామంతికి మొగ్గ వేసే బుద్ధి పుడతాది. మాపటేళ నాలుగు గంటలు బల్బులు వేస్తిమంటే, ఇంకా పొద్దు గూకలేదని అనుకుంటాది. ఊరికే ఎదుగుతా ఉంటాది గానీ మొగ్గ వెయ్యదు. మా పక్క పసిబిడ్డకు కూడా తెలుసు కదప్పా ఈ సంగతి. బల్బులు ఆర్పేసినాక..."

మిగతాది నేను వినలేదు. నా చెవుల్లో అప్పటికే బాజాలు మోగుతున్నాయి. దీపాలు వెలిగినంత కాలం పువ్వు విచ్చదు. పువ్వు విచ్చనంత కాలం పందిరి నాది. అతని సంచీలో ఇంకో బెల్లపు అచ్చు ఊరికే వేసి, భుజం తట్టి పంపించేశాను. నా జీవితంలో ఒక మనిషికి ఊరికే బెల్లం ఇవ్వడం అదే మొదలు.

ఈ రహస్యం ఎవరికీ చెప్పలేదు. నంజప్పకు చెబితే మూడు వీధులకు చెప్పినట్టు. ఆ రోజు నుంచి అంగడి ఏడింటికి కాక ఆరింటికే మూయడం మొదలుపెట్టాను. ఆరు కొట్టగానే స్విచ్చి వేయడం, పది కొట్టాక తీయడం. ఆట అయిపోయి వాళ్ళిద్దరూ వెళ్ళిపోయినా నేను మాత్రం ఏదో ఒక పాత పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి. అనుమానం రాకుండా మొక్కల మీద ప్రేమ కూడా నటించాను. పొద్దున్నే నీళ్ళు పోశాను, గానుగ పిండి ఎరువు వేశాను, ఆకుల కింద పురుగులు ఏరాను. పాపం, ఇంత సేవ చేసినా ఇంకా మొగ్గ రాలేదేమా అని కన్యక ఎదుట నిట్టూర్చాను కూడా.

కన్యక అమాయకంగా తల ఊపేది. ఒక రోజు తనే వచ్చి, ఆ ఈశాన్యం మూల చీకటిగా ఉండాది, శ్రీనివాసమూర్తి అన్న డబ్బాలు తట్టుకొని పడతాడేమో అంది. ఆ మూలలో ఇరవై డబ్బాలున్నాయి, వాటిమీద వెలుగు సరిగా పడడం లేదని నా దృష్టికీ అప్పుడే వచ్చింది. శత్రువు చేతికి తనే కత్తి అందిస్తోందని లోపల పొంగిపోయాను. మర్నాడే రామాంజినప్ప ఇంకో వరస కట్టాడు. ఫ్యూజు పోయింది, మళ్ళీ వేశాడు.

ఇంకో రోజు ఆరున్నరకు కరెంటు పోయింది. నేను హాల్లోకి పరిగెత్తి ఇన్వర్టరు తీగ తెంచినంత పని చేసి పెరటికి లాగాను. సీరియల్లో అత్త కోడలి ఎదుట ఉత్తరం విప్పుతున్న సమయం అది. టీవీ ఆరిపోయింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. కన్యక పోనీలెండి, రేపు మళ్ళా వేస్తారు అని చీకట్లో కూర్చుని తమలపాకు నమిలింది. బుద్ధి ఉన్న మొగుడైతే అక్కడే అనుమానించాల్సింది. నేనేమో ఆమెకు వయసుతో పాటు నెమ్మది వచ్చిందని సంతోషించాను.

అక్టోబరు నెలాఖరులో కన్యక తమ్ముడి మామగారి ఇంట్లో పెళ్ళి, బాగేపల్లిలో. రాత్రి రిసెప్షను, పొద్దున ముహూర్తం, పోయినవాళ్ళు ఉండాల్సిందే. మధ్యాహ్నానికే అక్కడ నాకు కాళ్ళు నిలవలేదు. ఒక రాత్రి దీపాలు వేయకపోతే ఆ మొక్కలకు బుద్ధి పుడితే? కడుపులో బాగాలేదని కన్యకతో చెప్పాను. అయ్యో, అట్లయితే ఇంటికి పోండి, నేను పొద్దున వస్తా అంది. కడుపు బాగాలేదన్నాక ఎవరూ విస్తరి ముందు కూర్చోబెట్టరు. చిరోటీలు, బాదంపాలు వడ్డిస్తుంటే వాసన పీల్చుకుంటూ వెళ్ళి బస్సెక్కాను. ఆరూ పదికి ఇంట్లో పడి స్విచ్చి వేశాను. ఆ రాత్రి నా భోజనం అటుకులూ మజ్జిగా. అయినా గెలుస్తున్నవాడికి ఆకలి తెలియదు.

ఇంతటితో ఆగితే బాగుండేది. మొక్కలు నడుమెత్తు పెరిగేసరికి బల్బుల వెలుగు అడుగు ఆకులకు అందడం లేదని నాకు అనుమానం పట్టుకుంది. బెంచీల కింద దీపాలు, కూసాలకు చుట్టూ దీపాలు, దారి పక్కన దీపాలు. వర్ష పంపిన శాస్త్రమంతా అమలు చేశాను. మా పెరడు ఊరి బయటి రోడ్డు మీదికి కనబడేంత వెలిగింది.

ఫలితం ఏమయిందంటే, ఒక సాయంత్రం ఏడింటికి ఇంటి ముందు ఒక టెంపో ఆగింది. పట్టుచీరలూ పంచెలూ కట్టుకున్న పదహారు మంది దిగారు. నేను ఏమిటని అడిగేలోపే పెరట్లోకి వచ్చి, బెంచీల మీదా కుండీల మధ్యా సర్దుకున్నారు. ఒక పెద్దాయన నా చేతిలో పొట్లం పెట్టి, పిల్ల తండ్రి మీరేనా అని అడిగాడు. తొండేభావి నుంచి వచ్చిన నిశ్చితార్థం వాళ్ళట. కళ్యాణ మంటపం దీపాలు చూసి తిరగమని ఎవరో చెప్పారు, తిరిగారు. అంతలో నంజప్ప నా తరఫున, ఇక్కడ పెళ్ళీ లేదు పిల్లా లేదు అని గట్టిగా చెప్పాడు. వాళ్ళలో ఒక ముసలావిడ సంబంధం తప్పిపోయిందనుకుని ఏడుపు మొదలుపెట్టింది. కన్యక వచ్చి, ఆమెను ఊరడించి, పదహారు మందికీ కాఫీలు ఇచ్చి, దారి చెప్పి పంపింది. వెళ్తూ వెళ్తూ ఆ పెద్దాయన పందిరి బాగుంది, రేటెంత అని అడిగాడు.

దీపాలకు ఉసిళ్ళు రావడం మొదలైంది. వాన పడిన సాయంత్రాలయితే లెక్కే లేదు. కాఫీలో ఉసిళ్ళు, పేకముక్కల మీద ఉసిళ్ళు, నవ్వడానికి నోరు తెరిస్తే నంజప్ప నోట్లో ఉసిళ్ళు. వాడు నవ్వడం మానేశాడు, తరువాత రావడం మానేశాడు. శ్రీనివాసమూర్తి కంటికి ఆపరేషను అయినప్పుడు ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని ఒక వారం వచ్చాడు. నాలుగు దీపాలు తగ్గించమని సలహా ఇచ్చాడు. నేను ఇంకో రెండు పెంచాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత మొండి విద్యార్థిని చూడలేదని చెప్పి లేచిపోయాడు. ఆపైన చలి. కార్తీకం వచ్చేసరికి స్నేహితుల కోసం వేసిన దీపాల కింద నేనొక్కణ్ణే, మంకీ క్యాపు పెట్టుకుని, పూయని చామంతికి కాపలా కూర్చున్నాను. దేనికోసం మొదలుపెట్టానో అప్పుడప్పుడు గుర్తు చేసుకోవలసి వచ్చేది. కానీ కన్యక మీద గెలవాలన్నది మాత్రం మరిచిపోలేదు.

కార్తీక పున్నమి దాటాక ఒక సాయంత్రం ఆమె వచ్చి నా ఎదుటి బెంచీ మీద కూర్చుంది.

"నేను ఓడిపోయినానండీ," అంది. "ఈ మొక్కలు పూసేవి కాదు. మా వాళ్ళకు గుళ్ళోనే భజన పెట్టుకుందామని చెప్పేసినా. పందిరి మీరే ఉంచుకోండి."

మా పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. ఓడిపోయినా అన్న మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు. ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలని చెవుడు నటించాను. ఆమె మళ్ళీ చెప్పింది. ఆ రాత్రి స్విచ్చి తీసేసి, రగ్గు కప్పుకుని, రెండు నెలల తరువాత తొమ్మిదింటికే నిద్రపోయాను. ఇక దీపాలతో పనేముంది? మర్నాడు శ్రీనివాసమూర్తికీ నంజప్పకూ కబురు పంపాను. పందిరి శాశ్వతంగా మనదే, చలి తగ్గగానే ఆట మొదలు అని.

మార్గశిరం గడిచింది. చలికి నేను పెరటి వైపు తొంగి చూడలేదు. నీళ్ళు పోసే పని కూడా కన్యకకే వదిలేశాను, ఓడినవాళ్ళకు ఏదో ఒక పని ఉండాలి కదా. పుష్యమాసంలో ఒక ఆదివారం పొద్దున ఎండకు కూర్చుందామని పందిట్లోకి వెళ్ళాను. బెంచీ మీద కూర్చోబోయి ఆగిపోయాను. నా భుజాల ఎత్తున ఉన్న ప్రతి మొక్క నిండా మొగ్గలు. చొక్కా బొత్తాలంత మొగ్గలు, కొమ్మకు ఇరవై, ముప్పై.

ఆ సాయంత్రం ఉన్న దీపాలన్నీ ఒక్కసారిగా వేశాను. ఈ చలిలో దీపాలేమిటికండీ అని కన్యక వంటింట్లోంచే అడిగింది. అందానికి అన్నాను. వారం రోజులు ఆరు నుంచి పదిదాకా, ఆపైన పదకొండు దాకా కూర్చున్నాను. మొగ్గలు బొత్తాలు దాటి గోలీలయ్యాయి. ఉండబట్టలేక ముత్యాలప్పకు ఫోను చేశాను. అతను అంతా విని తీరిగ్గా నవ్వాడు.

"మొగ్గ పడినాక సూర్యుణ్ణి తెచ్చి కట్టినా ఆగదప్పా. ఆ పొద్దు మీ అంగట్లో అదే చెప్తా ఉంటి. బల్బులు ఆర్పేసినాక పది వారాలకు ఒక్కమారుగా విచ్చుకుంటాది. అట్ల లెక్కేసుకొనే మేము పండగలకు పువ్వు దించేది. మీరు విన్నారా?"

నేను వినలేదు. ఆర్పింది కూడా నేనే, నా చేత్తో.

మాఘ శుద్ధ విదియ మా వైశ్యులకు ముఖ్యమైన రోజు, వాసవి అమ్మవారి పూజ. మామూలుగా కార్తీకంలో పూసే చామంతి ఆ వేళకు వాడి రాలిపోయి ఉంటుంది. ఆ రోజు మా పెరట్లో మాత్రం ఎనభై డబ్బాల్లో పసుపు పచ్చగా పువ్వు తప్ప ఆకు కనబడలేదు. కన్యక ఓడిపోయానన్న రోజు నుంచి లెక్కేస్తే సరిగ్గా పది వారాలు. ఒక రాతి బెంచీ మీద అమ్మవారి పటం, రెండో దాని మీద ప్రసాదాలు, మధ్యలో నలభై మంది ఆడవాళ్ళు. పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి నా దీపాలు. శాస్త్ర ప్రకారం చాలా బాగా ఉంది. నా జతగాళ్ళిద్దరూ సందులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, నన్ను చూడకుండా పులిహోర తిన్నారు.

మండలి అధ్యక్షురాలు నేత్ర మైకు తీసుకుంది. పద్మనాభగారు, అంటే నేను, అమ్మవారి కోసం రెండు నెలలు ఒక్క పొద్దు కూడా తప్పకుండా దీపసేవ చేశారని, బంధువుల పెళ్ళిలో భోజనం కూడా వదిలేసి వచ్చారని, ఇట్లాంటి భర్త దొరకడం కన్యకమ్మ పుణ్యమని సగం కన్నడంలో సగం తెలుగులో చెప్పి, నాకు శాలువ కప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నంజప్ప ఈలవేశాడు. రెండు మాటలు చెప్పమని మైకు నా చేతికిచ్చారు. నేను నమస్కారం పెట్టి మైకు తిరిగి ఇచ్చేశాను. దాన్ని వినయం అనుకుని ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక కన్యక గిన్నెలు సర్దుతుంటే ఎదురుగా నిలబడ్డాను. మొదటి నుంచీ నీకు తెలుసా అని అడిగాను.

"ముత్యాలప్పను మీ అంగడికి ఎవరు పంపినారనుకుంటాండారు?"

"మరి నాకు సగమే ఎందుకు చెప్పించినావు?"

"అంతా చెప్పమనే పంపినా. మీరు సగమే వింటారని నాకు తెలుసు."

నాకు కోపం వచ్చింది. నన్ను నేరుగా అడిగి ఉంటే దీపాలు వెయ్యకపోదునా అన్నాను. కన్యక చేతిలోని గిన్నె కింద పెట్టి, నా వైపు తిరిగింది. ముఖంలో వెక్కిరింత లేదు.

"నా కోసం వెయ్యమంటే నాలుగు దినాలు వేసి మర్చిపోతారండీ. నన్ను ఓడించేకయితే రెణ్ణెల్లు ఒక పొద్దు తప్పరు. అమ్మవారికి పువ్వు కావల్ల. నేను ఇంకేం చేసేది?"

అది నిజం. అంగట్లో బేరమాడి బేరమాడి, ఇంట్లో కూడా గెలుపే చూస్తూ ఇన్నేళ్ళు గడిపేశానని అప్పుడు సిగ్గేసింది. సిగ్గును కప్పుకోవడానికి శాలువ ఉండనే ఉంది. అయినా మగవాణ్ణి కదా, చివరి మాట నాదే కావాలనిపించింది.

"అయితే విను. వచ్చే ఏడాది నేను వెయ్యను."

"వద్దులెండి," అంది కన్యక, మళ్ళీ గిన్నెలు తీసుకుంటూ. "శ్రీనివాసమూర్తి అన్న ఇందాకే అడిగిపోయినాడు. మీకన్నా బాగా తాను వేస్తాడంట."

"వాడా? వాడికి స్విచ్చి యాడుండాదో కూడా తెలియదు," అన్నాను.

ఈసారి వినాయక చవితికి ఇంకో పది రోజులు ముందే మొదలుపెట్టాలి. తీగలు సరిచూడడానికి రామాంజినప్పను సోమవారం రమ్మన్నాను.